తెరచాప ఓడలకు మోటుపల్లి ఇచ్చిన మాట



దర్శివాళ్లు సముద్రం గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. మాది మెట్ట. కంది, పొగాకు, మిరప వేసుకుని, సాగరు కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని చూసే ఊళ్లు మావి. దర్శి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు అంటూ పడమటికి పోయేకొద్దీ నల్లమల దగ్గరవుతుంది, సముద్రం దూరమవుతుంది. కానీ పొద్దున్నే బయలుదేరి అద్దంకి మీదుగా తూర్పుకు పోతే, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా చినగంజాం దగ్గర మోటుపల్లి అనే ఊళ్లో ఉండొచ్చు. మొన్న మొన్నటిదాకా అది మన ప్రకాశం జిల్లాలోదే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది. ఇవాళ అదొక చిన్న పల్లె. కాకతీయుల కాలంలో మాత్రం దూరదేశాల తెరచాప ఓడలు వెతుక్కుంటూ వచ్చిన పెద్ద రేవుపట్నం.

తెరచాప ఓడ మీద ఒక పాత రేవుపట్నానికి చేరడమంటే ఏమిటి? ఆ ఓడకు ఆ ఊరు ఏమివ్వాలి? మోటుపల్లిని ముందు పెట్టుకుని ఈ పూట ఆ సంగతి చెప్పుకుందాం.

ముందు గాలి సంగతి. ఇంజను ఓడ తనకు తోచినప్పుడు బయలుదేరుతుంది. తెరచాప ఓడకు ఆ వీలు లేదు. బంగాళాఖాతం మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి నడుస్తుంది. తూర్పు దేశాలకు పోయేవాళ్లకు అది అనువైన కాలం. ఆ తర్వాత గాలి తిరగబడి ఈశాన్యం నుంచి వీస్తుంది. అటునుంచి ఇటు రావాలంటే ఆ గాలి కావాలి. ఇక గాలి మళ్లే ఆ అక్టోబరు, నవంబరు నెలల్లోనే తుపాన్లు లేస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనను చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. అక్టోబరు నడుమకల్లా ఈ తీరం వదిలిపోవడం తర్వాతి రోజుల్లో యూరప్ యుద్ధనౌకలకు సైతం ఆనవాయితీ అయిందంటే, చెక్క ఓడకు ఈ సముద్రం ఎలాంటిదో ఊహించుకోండి.

కాబట్టి తెరచాప ప్రయాణంలో సగం ప్రయాణం, సగం ఎదురుచూపు. మృగశిర కార్తె కోసం పొలం దున్ని పెట్టుకుని ఆకాశంకేసి చూసే మెట్ట రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో 1290 తర్వాత చీనా నుంచి ఇంటిముఖం పట్టినప్పుడు, కుబ్లయ్ ఖాన్ పంపిన ఓడలు పద్నాలుగు ఆయన వెంట ఉన్నాయి. ఒక్కో దానికి నాలుగు స్తంభాలు. చక్రవర్తి ఓడలు కదా అని గాలి వాటికేమీ దారి ఇవ్వలేదు. సుమత్రా ఒడ్డున అయిదు నెలలు పడి ఉండాల్సి వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు.

ఇక చేరడం సంగతి. మోటుపల్లిలో ఓడకు చాటునిచ్చే కొండ లేదు, లోపలికి తీసుకునే అఖాతం లేదు. మన తీరం చాలావరకు ఇంతే. తిన్నగా సాగిపోయే ఇసుక ఒడ్డు, ఒడ్డు దగ్గర లోతు తక్కువ, వరస వెంట వరసగా విరిగిపడే కెరటాలు. పెద్ద ఓడ దగ్గరికి వస్తే ఇసుకలో కూరుకుపోతుంది. అందుకని దూరంగా, లోతు నీళ్లలోనే లంగరు దించాలి. సరుకైనా, మనిషైనా అక్కడి నుంచి ఒడ్డుకు చిన్న పడవల్లోనే రావాలి.

ఆ పడవ గురించి చెప్పాలి. మసూలా పడవ అనేవాళ్లు. దానికి మేకులు ఉండవు. పలకల్ని అంచులకు అంచులు చేర్చి, బెజ్జాలు పెట్టి, కొబ్బరిపీచు తాడుతో కుట్టేస్తారు. బట్ట కుట్టినట్టే కుట్టు కనపడుతుంది. మేకులు కొట్టిన పడవ ఇసుక మీద ధన్ మని పడితే పగులుతుంది. కుట్టు పడవ అటూ ఇటూ వంగి, దెబ్బను మింగేస్తుంది. సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఒక మనిషి వాటిని తోడిపోస్తూనే ఉంటాడు. వెనకవైపు పొడవాటి తెడ్డు పట్టుకున్నవాడే దానికి పెద్ద. అతని చూపు ముందున్న ఒడ్డు మీద ఉండదు, వెనకనుంచి వచ్చే కెరటం మీద ఉంటుంది. పెద్ద కెరటాలు రెండు మూడు పోనిచ్చి, సద్దుమణిగినట్టు కనపడగానే కేక వేస్తాడు. తెడ్లవాళ్లందరూ ఒక్క గొంతుతో పాట అందుకుని బలంకొద్దీ లాగుతారు. తర్వాతి కెరటం విరిగేలోపు పడవ ఇసుకకు తగలాలి. తగలకపోతే అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగితే బోల్తా. అరేబియా నుంచో మలయా నుంచో నెలల తరబడి వచ్చిన సరుకు కడపటి నాలుగు బారల దూరంలో నీళ్లపాలు కావచ్చు.

ఇంత కష్టపడి ఒడ్డుకు చేరిన సరుకు ఎవరిది? ఓడ బోల్తాపడి, మూటలు కొట్టుకొచ్చి ఇసుకలో పడితే అవి ఎవరివి?

ఆ రోజుల్లో దీనికి జవాబు తేలిక. ఒడ్డు రాజుది కాబట్టి ఒడ్డున పడ్డదీ రాజుదే. తుపానుకు చెదిరి, గమ్యం తప్పి, ఏదో ఒక రేవులో తలదాచుకుందామని వచ్చిన ఓడను కూడా అలాగే నిలువునా దోచుకునేవాళ్లు. సముద్రం వదిలిపెట్టింది సర్కారు పట్టుకుపోయేది.

ఈ పద్ధతిని మార్చినవాడు కాకతీయ గణపతిదేవుడు. ఓరుగల్లు నుంచి 1199 మొదలు 1262 దాకా ఏలిన రాజు. ఆయన వేయించిన శాసనం మోటుపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర రాతి స్తంభం మీద ఉంది. శకవర్షం 1166, అంటే 1244వ సంవత్సరం ప్రాంతం. చరిత్రకారులు దాన్ని అభయశాసనం అంటారు. భాష కొంత సంస్కృతం, కొంత తెలుగు. అందులోని విషయం మన మాటల్లో ఇది. వెనకటి రాజులు, ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుపాను దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతాన లాక్కున్నారు. ప్రాణం కన్నా ధనం మిన్న అనుకుని అంత పెద్ద సముద్రానికి తెగించి వచ్చినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మేము నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం. ఎగుమతికైనా దిగుమతికైనా ఆ సుంకం ముప్పైలో ఒక వంతు.

ముప్పైలో ఒకటి అంటే వందకు మూడు రూపాయల పైచిలుకు. ఇవాళ్టి పన్నులతో పోల్చుకునే పని మీకే వదిలేస్తున్నాను.

ముప్పైలో ఒకటి అని మొత్తంగా చెప్పేసి శాసనం ఊరుకోలేదు. సరుకు వారీగా పట్టీ ఇచ్చింది. గంధం అయితే తూకం లెక్కన ఇంత. పట్టుబట్టలైతే మూటకు ఇంత. పోకలైతే లక్షకు ఇంత. ముత్యాలు, మన కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, అత్తరు సరుకులు వీటికి విలువ లెక్కన ఇంత. మిరియాలకు వేరే రేటు. యార్డులో కాటా దగ్గర నిలబడిన అనుభవం ఉన్న రైతుకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. ఏ సరుకును ఎలా కొలుస్తారన్నది ముందే తేలిపోతే సగం గొడవ తీరిపోతుంది. పోకల్ని లెక్కపెట్టాలా తూచాలా, గంధాన్ని తూచాలా ధర కట్టాలా అన్న పేచీకి సుంకం ఠాణాలో చోటే లేకుండా రాజు రాయి మీద చెక్కించాడు. అదీ గుడి దగ్గర, పదిమంది తిరిగే చోట. ఓడ దిగిన వర్తకుడు ఎవరినైనా పిలిచి చదివించుకోవచ్చు. అధికారి అంతకు మించి అడిగితే ఆ స్తంభం వైపు వేలు చూపించొచ్చు.

గణపతిదేవుడికి దయ ఉంది, దానితోపాటు లెక్క కూడా ఉంది. ఓరుగల్లు సముద్రానికి చాలా దూరం. ఆయన సైన్యానికి మేలుజాతి గుర్రాలు కావాలి. అవి అరబ్బు, పారశీక దేశాల నుంచి ఓడల మీద రావాలి. ఒడ్డున పడ్డ ఓడను దోచుకుంటే ఒక్కసారి లాభం. ఆ కబురు మిగతా రేవులకు పాకితే పదేళ్లు నష్టం. తెరచాప ఓడలవాళ్లు ఏ రేవులోనైనా గాలి కోసం నెలలు కాచుకుని కూర్చుంటారు కదా, వాళ్లకు కబుర్లకు కొదవేముంటుంది? ఫలానా రేవులో దోపిడీ అన్న మాట ఎంత వేగంగా పాకుతుందో, ఫలానా రేవులో ముప్పైలో ఒకటే అన్న మాట కూడా అంత వేగంగానే పాకుతుంది. చాటునిచ్చే కొండ లేని మోటుపల్లికి ఆ మాటే చాటు అయింది. నేను ఈ పూట చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. మోటుపల్లి రేవును నిలబెట్టింది రాజు ఇచ్చిన మాట.

ఆ మాట ఎంత దూరం పోయిందో మార్కో పోలో పుస్తకంలో కనపడుతుంది. ఆయన ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అన్నాడు. మోటుపల్లి పేరే అలా పలికాడని పండితుల మాట. ఓరుగల్లు రాజ్యం మొత్తాన్ని దాని రేవు పేరుతో పిలిచాడంటే, బయటివాళ్లకు రాజధాని కన్నా రేవు పేరే బాగా తెలిసిందన్నమాట. మోటుపల్లిలో ఆయన స్వయంగా దిగాడా, తోటి నావికులు చెప్పగా విన్నాడా అన్నది చరిత్రకారులు వాదించుకునే విషయం. విన్నదే అయినా ఆయన చెప్పిన సంగతులు చూడండి.

ఒకటి, ఈ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని చెప్పాడు. ఆమె రుద్రమదేవి. భర్త పోయాక నలభై ఏళ్లు ఏలిందని రాశాడు, అక్కడ పొరబడ్డాడు. గణపతిదేవుడు ఆమెకు తండ్రి. పైగా 1289 నవంబరు నాటి చందుపట్ల శాసనాన్ని బట్టి చూస్తే, మార్కో పోలో ఓడలు మన సముద్రం మీదికి వచ్చేసరికే రుద్రమ ఈ లోకంలో లేదు. ఆమె పోయినా ఆమె పేరు రేవుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

రెండు, వజ్రాలు. లోయల్లో పడి ఉన్న వజ్రాల్ని మాంసం ముక్కలు విసిరి, వాటిని ఎత్తుకుపోయిన గద్దల దగ్గర్నుంచి ఏరుకుంటారని ఒక కథ. అది నావికుల కథ, అనేక దేశాల్లో చెప్పుకున్నదే. మూడు, బట్ట. సాలెగూడు లాంటి సన్నని నేత, ఏ దేశపు రాజైనా రాణైనా కట్టుకోవడానికి ముచ్చటపడేంత మేలైనదని మెచ్చుకున్నాడు. నాలుగోది వింటే మా పడమటి ప్రకాశం వాళ్లకు సంతోషంగా ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద గొర్రెలు ఇక్కడ ఉన్నాయట! నెల్లూరు జాతి గొర్రె మన దేశంలో అన్నిటికన్నా పొడవైన జాతి. పల్ల, జోడిపి, దొర అని అందులో మూడు రకాలు. దర్శి నుంచి కనిగిరి దాకా, అటు గిద్దలూరు దాకా వేసవిలో మందల్ని తోలుకుపోయేవాళ్ల వెంట కనపడేవి అవే. మార్కో పోలో చెప్పింది ఈ జాతి గురించేనని రుజువు లేదు. అయినా నడుము ఎత్తు పొట్టేలును చూసిన పరదేశి దాని గురించి నాలుగు ఊళ్లలో చెప్పుకోకుండా ఉంటాడా? రేవు ఒడ్డున ఉంటుంది గానీ దాని వెనక ఉండేది మెట్టే.

కాకతీయుల తర్వాత రెడ్డిరాజులు. మొదట మా పక్కనున్న అద్దంకే వాళ్ల రాజధాని, ఆ తర్వాత కొండవీడు. అనవోతారెడ్డి 1358లో మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. గణపతిదేవుడు ఓడలోని సరుకుకు అభయం ఇస్తే, ఈయన ఆ సరుకు వెంట వచ్చిన మనిషికి కూడా ఇచ్చాడు. ఇక్కడ కాపురం ఉంటామని వచ్చే వర్తకుడికి చోటు చూపిస్తాం, వెళ్లిపోతానంటే ఆపం, కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తిని సర్కారు కలుపుకోదు అన్నాడు. ఈ చివరి షరతును కాస్త ఆగి ఆలోచించాలి. గాలి మళ్లేదాకా నెలల తరబడి పరాయి ఊళ్లో ఉండేవాడికి జ్వరం వస్తే, ప్రాణం పోతే, వెంట ఉన్న మూటల గతి ఏమిటి? ఇంటి దగ్గర ఎదురుచూసే ఆలికి, అన్నదమ్ములకు ఏమి మిగులుతుంది? తెరచాప మీద బతికే ప్రతివాడి మనసులో ఉండే భయం అది. ఆ భయానికి రాజు జవాబు చెప్పాడు.

ఆ వ్యాపారం తెలుగు సాహిత్యంలోకి కూడా వచ్చింది. కొండవీటి కుమారగిరిరెడ్డి ఏటా వసంతోత్సవాలు జరిపి వసంతరాయడనిపించుకున్నాడు. ఆ ఉత్సవాలకు సుగంధద్రవ్యాలు అందించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. సింహళం ఏనుగులు, హురుముంజి గుర్రాలు, చీనా పట్టుబట్టలు తెప్పించే సెట్టి ఇంటి వైభవం ఆ కావ్యంలో ఉంది. ఆనాటి కవికి ఓడల సరుకు అంత పరిచయం.

1390లో విజయనగర రాజకుమారుడు దేవరాయలు కూడా మోటుపల్లిలో శాసనం వేయించాడు. ఆ తర్వాత ఊరు నెమ్మదిగా వెనకబడింది. గోలకొండ సుల్తానుల కాలానికి మచిలీపట్నం పెద్ద రేవు అయింది. మోటుపల్లికి దగ్గర్లోని నిజాంపట్నంలో, అప్పటి పెదపల్లిలో, డచ్చివాళ్లు 1606లో కోఠీ పెట్టారు. ఇంగ్లీషువాళ్లు గ్లోబ్ అనే ఓడ మీద 1611లో అదే రేవుకు వచ్చారు. ఆ డచ్చివాళ్లే 1609లో జపాన్‌లోని హిరాడో అనే రేవుపట్నంలో మరో కోఠీ తెరిచారు. 1641లో దాన్ని నాగసాకి రేవులో కట్టిన దెజిమా అనే చిన్న దీవికి మార్చారు. మన తీరంలో నేసి, రంగులద్దిన బట్టలు ఆ ఓడల మీద జపాన్ దాకా పోయాయి. అక్కడివాళ్లు ఆ అద్దకం ముక్కల్ని తేనీటి వేడుకల్లో వాడే పాత్రలకు సంచులుగా కుట్టుకుని దాచుకునేవాళ్లు. తిరుగు ఓడల్లో జపాన్ రాగి కడ్డీలు వచ్చి కోరమాండల్ రేవుల్లో అమ్ముడయ్యేవి. మా గిద్దలూరు అడవుల్లో కూడా పెరిగే ఎర్రచందనానికి జపాన్‌లో మరో గిరాకీ ఉంది. షమిసెన్ అని మూడు తీగల వాద్యం, దానిలో మేలురకానికి మెడభాగం ఎర్రచందనంతోనే చేస్తారు.

జపాన్ మాట వచ్చింది కాబట్టి అక్కడి ఒక రేవు గురించి చెప్పాలి. హిరోషిమా రాష్ట్రంలో, ఫుకుయామా నగరం పరిధిలో తొమోనొఉరా అనే పాత రేవు ఉంది. అది ఉన్నది దీవుల నడుమ లోపలి సముద్రం ఒడ్డున. పెద్ద సముద్రం పోటు తూర్పు నుంచీ పడమర నుంచీ లోపలికి వచ్చి, తొమో దగ్గరే కలుసుకుంటుంది. అందుకని తెరచాప ఓడలు పోటు మీద తొమో దాకా వచ్చి, అక్కడ ఆగి, నీళ్లు వెనక్కి తగ్గేటప్పుడు ఆ పాటు మీద అవతలి వైపుకు సాగిపోయేవి. మోటుపల్లిలో గాలి కోసం కాపు, తొమోలో పాటు కోసం కాపు.

ఆ కాపు వల్ల అక్కడ కట్టిన కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి. రేవు చుట్టూ నీళ్లలోకి దిగే రాతిమెట్లు. పోటుకు నీళ్లు ఎంత లేచినా, ఎంత దిగినా ఏదో ఒక మెట్టు పడవ అంచుకు సరిపోతుంది. 1859లో కట్టిన రాతి దీపస్తంభం ఇంకా నిలబడే ఉంది. 1983లో ఆ రేవు మొగకు అడ్డంగా వంతెన వేసి, కొంత సముద్రం పూడ్చి రోడ్డు తీయాలని ప్రభుత్వం తలపెట్టింది. ఊళ్లోవాళ్లు కొందరు కోర్టుకెక్కారు. 2009లో హిరోషిమా జిల్లా కోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. ఏళ్లు నలిగి, 2016లో ఆ పథకం ముగిసిపోయింది. ఆ రేవు అందం అందరిదీ అని కోర్టు మెట్లెక్కి అనిపించుకున్న ఊరది. ఇవాళ షోకు పడవల మీద వచ్చేవాళ్లు ఆ మెట్ల మీద కూర్చుని నీళ్లు దిగడం చూస్తుంటారు.

తెరచాప అంటే పాత రోజుల సరదా అనుకోకండి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప నౌక బయలుదేరింది. పొడవు దాదాపు 17 మీటర్లు. అందులో ఉన్నది నౌకాదళ మహిళా అధికారులు ఆరుగురే, నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లు: విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్టన్ రేవుల్లో ఆగి, దక్షిణ అమెరికా కొసన ఉన్న భయంకరమైన కేప్ హార్న్ చుట్టి, ఫాక్లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, ఆఫ్రికా కొసన కేప్ టౌన్ రేవుల్లో ఆగి, మారిషస్ మీదుగా 2018 మే 21న గోవా చేరారు. సుంకరి దోచుకుంటాడన్న భయం లేదు వాళ్లకు. ప్రతి రేవులో చేయి అందించేవాళ్లున్నారు. ఓడ చెడిపోతే బాగుచేయించుకునే చోటు, వచ్చినవాళ్లకు నీడ, పోతానంటే పోనిచ్చే మర్యాద ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న కట్టుబాట్లు. ఇలాంటి కట్టుబాటును మన తీరంలో ఒక రాజు ఏడు వందల డెబ్బై ఏళ్లకు పైగా ముందే రాయి మీద చెక్కించాడని గుర్తుపెట్టుకోండి.

మీరు మోటుపల్లి పోదామనుకుంటే పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. దారిలో చినగంజాం ఉప్పుకయ్యలు కనపడతాయి. ఊళ్లో కోదండరామాలయం ఉంది, వీరభద్రస్వామి గుడి ఉంది. ఓడల గుర్తు ఏదీ కనపడదు. నేల మీద ఎక్కడైనా పింగాణీ పెంకు కనపడితే మాత్రం చిన్నచూపు చూడకండి. నొబోరు కరషిమా అనే జపాన్ చరిత్రకారుడు దక్షిణ భారత తీరాల్లో పాత చీనా పింగాణీ పెంకుల కోసం వెతికించి, పుస్తకం వేశాడు. 2013లో మన ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. మన పెంకుల విలువ అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు తెలిసింది. మన పిల్లలకు కూడా తెలియాలి. బడి నుంచి తిరుపతికో, నాగార్జునసాగరుకో విహారయాత్ర వేసే ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఒక ఏడు మోటుపల్లికి వేయండి. ఆ శాసనం దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి, ముప్పైలో ఒకటి అంటే ఎంతో లెక్క కట్టించండి. అది చరిత్ర పాఠం, లెక్కల పాఠం, న్యాయం పాఠం కూడా.

చివరిగా ఇప్పటి సంగతి. మన తీరంలోనే రామాయపట్నంలో కొత్త ఓడరేవు పనులు 2022లో మొదలయ్యాయి. మా మార్కాపురం పలక, చీమకుర్తి గ్రానైటు, మెట్ట పొగాకు రేపు ఆ దారిన పోవచ్చు. లోతు తవ్వడం, గోడ కట్టడం, క్రేన్లు నిలబెట్టడం ఇంజనీర్లు చూసుకుంటారు. మనం చూసుకోవలసింది మరొకటి ఉంది. అక్కడ ఏ సరుకుకు ఎంత, దాన్ని ఎలా కొలుస్తారు, ఎవరికి ఏ హామీ ఇచ్చారు అన్నవి గేటు దగ్గరే, అందరూ చదివేలా, తెలుగులో రాసి పెట్టమని అడగాలి. భూమి ఇచ్చిన రైతుకూ, వల వేసే బెస్తకూ ఇచ్చిన మాటలు కూడా ఆ బోర్డు మీదే ఉండాలి. అలా అడిగే హక్కు మనకు 1244లోనే వచ్చింది.